తాలూకా నుండి మండలం దాకా: ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల ప్రాంతాల విద్యాచరిత్రలో దూరం

వ్యాససంగ్రహం

కడప జిల్లాలోని ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల పాత తాలూకాలలో పాఠశాల విద్య గత రెండు వందల ఏళ్ళలో నడిచిన తీరును ఈ వ్యాసం పరిశీలిస్తుంది. పరీక్షా ఫలితాలను బడి నాలుగు గోడల మధ్య జరిగే విషయంగా మాత్రమే చూడడం చాలదు. తరువాతి తరగతి ఎంత దూరంలో ఉండేది, అక్కడికి పిల్లవాణ్ణి పంపే భారం ఎవరు మోసేవారు అనే ప్రశ్నలతో కలిపి ఆ ఫలితాలను చదవాలన్నది ఈ వ్యాసంలోని ప్రతిపాదన.

కీలకపదాలు: దత్తమండలాలు, మన్రో విద్యా విచారణ, తాలూకా బోర్డులు, శ్రీబాగ్ ఒడంబడిక, పాఠశాలల విలీనం.

ప్రవేశిక

ఏటా పదవ తరగతి ఫలితాలు వెలువడిన మరునాడు పత్రికల జిల్లా పేజీలలో మండలాలవారీ ఉత్తీర్ణతా శాతాలు కనిపిస్తాయి. ఏ మండలం ముందుంది, ఏది వెనకబడింది, అందుకు బాధ్యులెవరు అనే చర్చ రెండు మూడు రోజులు సాగి ఆగిపోతుంది. ఆ శాతాల స్వభావాన్ని గురించి చర్చ తక్కువ. ఆంధ్రప్రదేశ్‌లో పదవ తరగతి ఉత్తీర్ణత 2022లో 67.26 శాతం. 2024లో అది 86.69 శాతానికి పెరిగి, 2025లో 81.14 శాతానికి తగ్గింది. రెండేళ్ళలో పిల్లల తెలివి అంతగా పెరిగి, మూడో ఏట తరిగిందని ఎవరూ అనరు. 2022లో పరీక్ష రాసినవారు కోవిడ్ కాలంలో బడులు మూతపడి ఉండగా ఎనిమిది, తొమ్మిది తరగతులు దాటినవారు. ఆ సంగతి ప్రస్తావించకుండా ఆ అంకెను పక్క అంకెతో పోల్చడంలో అర్థం లేదు.

ఇంకొక ఇబ్బంది ఇంతకంటె మౌలికమైనది. ఈ శాతం పరీక్ష రాసినవారిలో లెక్క. పదవ తరగతి దాకా రాని పిల్లలు ఆ భిన్నంలో లవంలోనూ ఉండరు, హారంలోనూ ఉండరు. ఒక ప్రాంతంలో చదువు ఎలా ఉందో తెలియాలంటే ఆ లెక్కలో లేని పిల్లలు ఎక్కడ ఆగిపోయారో చూడాలి. అది ఒక ఏడాది ఫలితాలలో దొరికేది కాదు, చరిత్రలో వెతకవలసినది.

అమెరికాలో ఉన్నటువంటి స్వతంత్ర పాఠశాల జిల్లా మన పాలనావ్యవస్థలో లేదు. దానికి కొంత దగ్గరగా వచ్చినవి మొదట తాలూకా బోర్డు, తరువాత పంచాయతీ సమితి, 1985 తరువాత మండలం. కడప జిల్లాలో ఈ మూడు తాలూకాలను ఎంచుకోవడానికి కారణం ఉంది. ఒకదానికొకటి ఆనుకొని ఉన్నా వీటి నేలలు వేరు, పనులు వేరు. అందువల్ల బడి మానే తీరులు కూడా వేరు.

1825 నాటి లెక్క

1800లో నిజాం నుండి ఈస్టిండియా కంపెనీకి సంక్రమించిన దత్తమండలాలకు మొదటి ప్రధాన కలెక్టరు థామస్ మన్రో. ఆయనే మద్రాసు గవర్నరుగా 1822 జూన్‌లో రాజధానిలోని అన్ని జిల్లాలలో బడుల లెక్క తీయించాడు. కడప కలెక్టరు నివేదిక 1825 ఫిబ్రవరిలో చేరింది. జిల్లాలో బడులు 494, విద్యార్థులు 5,892 మంది. వారిలో బ్రాహ్మణులు 1,416, వైశ్యులు 1,713, శూద్రులు 1,775, ఇతర కులాలవారు 647, ముస్లింలు 341.

ఈ అంకెలను దేశీయ విద్యకు నిదర్శనంగా ఉదహరించేవారు వాటిలోని కులాల నిష్పత్తిని చూపుతారు. శూద్ర విద్యార్థులు బ్రాహ్మణులకంటె ఎక్కువమంది ఉండడం నిజంగా గమనించదగినదే. అయితే ఆ అంకెను జనాభాతో కలిపి చదివినవారు తక్కువ. అప్పటి లెక్కలో జిల్లా జనాభా 10,94,460. అంటే సుమారు 186 మందికి ఒక విద్యార్థి. మద్రాసు రాజధాని మొత్తానికి 12,498 బడులు, 1,88,650 మంది విద్యార్థులు, 1,28,50,941 జనాభా. అక్కడ 68 మందికి ఒక విద్యార్థి. రాజధానిలో సగటున వెయ్యిమందికి ఒక బడి ఉంటే, కడపలో రెండువేల రెండువందల మందికి ఒకటి. పొరుగున ఉన్న బళ్ళారి జిల్లాలో 533 బడులు, 6,641 మంది విద్యార్థులు. అక్కడ 140 మందికి ఒకరు. దత్తమండలాలు రెండూ వెనకబడి ఉన్నాయి, వాటిలో కడప మరింత వెనకబడి ఉంది. ఇళ్ళలో చదువుకునే పిల్లలు ఈ లెక్కలో చేరలేదని మన్రోయే గుర్తించాడు. ఆ సవరణ అన్ని జిల్లాలకూ వర్తిస్తుంది కనుక, జిల్లాల మధ్య తేడాను అది పూర్తిగా చెరిపివేయదు.

కడప నివేదికలో అంకెలకంటె విలువైన భాగం మరొకటి ఉంది. జిల్లాలో ప్రజల విరాళాలతో నడిచే ఉన్నత విద్యాలయాలు లేవంటూనే, పదేళ్ళ నుండి పదహారేళ్ళ వయసుగల పేద బ్రాహ్మణ బాలురు ఇల్లు విడిచి, ఉచితంగా చదువు చెప్పే గురువు ఉన్న ఊరికి వెళ్ళి, చుట్టుపక్కల భిక్ష ఎత్తుకొని బతుకుతూ చదువుకునే పద్ధతిని కలెక్టరు వర్ణించాడు. వారు పోయే దూరం పది మైళ్ళ నుండి నూరు మైళ్ళ దాకా ఉండేది. వారాలు చేసుకొని చదువుకోవడమనే మాట మన పెద్దల తరం దాకా వాడుకలో ఉన్నదే. దాని పాలనాపరమైన తొలి వర్ణనలలో ఇది ఒకటి. ఇక్కడ గమనించవలసినది, ఆ దూరపు భారాన్ని దారి పొడుగునా ఉన్న ఊళ్ళు పంచుకున్నాయి. అయితే ఒక కులపు బాలుడికి మాత్రమే పంచుకున్నాయి. మాలపల్లె పిల్లవాడు నూరు మైళ్ళు నడిచినా అతనికి అన్నం పెట్టే అరుగు లేదు. మాలపల్లెకూ ఊరి బడికీ మధ్యనున్న దూరం మైళ్ళలో కొలిచేది కాదు.

బళ్ళారి కలెక్టరు ఏ.డి. క్యాంబెల్ 1823 ఆగస్టులో పంపిన నివేదిక ఇంకా విపులమైనది. ఆ జిల్లాలోని 533 బడులలో 226 తెలుగు బడులు కనుక, ఆయన వర్ణన మన ప్రాంతపు వీధిబడికి కూడా చాలావరకు సరిపోతుంది. ఉదయం ఆరు గంటలకు బడి మొదలయ్యేది. మొదట వచ్చిన పిల్లవాడి అరచేతిలో సరస్వతి పేరు రాసేవారు. రెండోవాడి చేతిలో సున్న. మూడోవాడికి ఒక చిన్న దెబ్బ, నాలుగోవాడికి రెండు, ఆ తరువాత వచ్చినవారికి ఒక్కొక్కటి చొప్పున పెరుగుతూ పోయేవి. దీనిని క్రమశిక్షణకు ఉదాహరణగా చెప్పుకుంటారు. ఇల్లు దూరమైన పిల్లవాడి వైపు నుండి చూస్తే అదే పద్ధతి మరోలా కనిపిస్తుంది.

బడులు తగ్గిపోవడానికి క్యాంబెల్ చూపిన కారణం బీదరికం. ఇంగ్లీషు నూలుబట్టల దిగుమతితో చేతివృత్తులవారి రాబడి పడిపోయిందనీ, ఒకప్పుడు బడులున్న ఊళ్ళలో ఇప్పుడు లేవనీ ఆయన రాశాడు. జమ్మలమడుగు, ప్రొద్దుటూరు ప్రాంతాలు నేతకు పేరుపొందినవి కావడంవల్ల ఆ వాక్యాలను ఇక్కడి పరిశోధకులు పక్కన పెట్టలేరు.

తాలూకాకు ఒక బడి

1826 మార్చిలో మన్రో ప్రతిపాదించిన పథకం ప్రకారం జిల్లా కేంద్రంలో పెద్ద బడులు, ప్రతి తహసీలులో ఒక బడి ఏర్పడాలి. జిల్లా బడి ఉపాధ్యాయుడికి నెలకు 15 రూపాయలు, తహసీలు బడి ఉపాధ్యాయుడికి 9 రూపాయలు. ప్రభుత్వం తాలూకాను విద్యకు ప్రమాణంగా తీసుకోవడం ఇదే మొదలు. మరుసటి ఏడాది జూలైలో పత్తికొండలో కలరాతో మన్రో మరణించాడు. పదేళ్ళు నిండేసరికి, 1836లో, తహసీలు బడులు రద్దయ్యాయి. ఒక తాలూకాకు ఒక బడి అంటే ఏ ఊరికి బడి వచ్చినట్టు? పథకం సరిగా నడిచి ఉన్నా అది కసబాలోని పిల్లలకే అందేది.

అంతకుముందే 1821లో సి.పి. బ్రౌన్ కడపలో తన ఖర్చుతో రెండు ధర్మబడులు నడిపాడు. 1822లో లండన్ మిషన్ కడపలో అడుగుపెట్టి, శతాబ్దం చివరినాటికి జమ్మలమడుగులో స్థిరపడింది. అక్కడి క్యాంబెల్ ఆసుపత్రి ఇప్పటికీ ఆ పేరుతోనే ప్రసిద్ధం. (పై పేరాలలోని బళ్ళారి కలెక్టరు క్యాంబెల్‌కూ ఈ వైద్యుడికీ సంబంధం లేదు.) మిషన్ ఉద్దేశం మతప్రచారమే అయినా, బడిని మాలపల్లెలోకి తీసుకుపోవడంవల్ల మైళ్ళలో కొలవలేని ఆ దూరాన్ని మొదట తగ్గించినది అదే. ఈ విషయంలో మిషన్ బడుల ప్రాధాన్యాన్ని మన జిల్లా చరిత్రలు సరిగా గుర్తించలేదని నా అభిప్రాయం.

పురపాలక సంఘం, పల్లె

1884 స్థానిక బోర్డుల చట్టంతో పల్లెల ప్రాథమిక విద్య తాలూకా బోర్డుల చేతికి వచ్చింది. 1920 ప్రాథమిక విద్యా చట్టం స్థానిక సంస్థలకు విద్యాపన్ను వేసే అధికారాన్నీ, నిర్బంధ విద్యను ప్రవేశపెట్టే అవకాశాన్నీ ఇచ్చింది. అధికారం ఉండడం వేరు, పన్ను పిండడానికి పంట ఉండడం వేరు. వానలు తప్పిన తాలూకాలో భూమిశిస్తుతోపాటు తగ్గిపోయే రాబడి మీద బడి నడవాలి. 1934లో తాలూకా బోర్డులు రద్దయి, వాటి బడులు జిల్లా బోర్డుకు, 1959 తరువాత పంచాయతీ సమితులకూ జిల్లా పరిషత్తుకూ చేరాయి.

ప్రొద్దుటూరు దారి వేరు. 1915లో అది పురపాలక సంఘమైంది. పెన్నా, కుందూ నదుల నడుమ నల్లరేగడి, కర్నూలు - కడప కాలువ కింది మాగాణి, పత్తి, బట్టలు, బంగారం వ్యాపారం దాని బలం. సొంత రాబడి ఉన్న ఊరు సొంత ఉన్నత పాఠశాల నడుపుకోగలిగింది. 'శివభారతము' కర్త గడియారం వేంకట శేషశాస్త్రి అక్కడి మునిసిపల్ హైస్కూలులో తెలుగు పండితులు. 'రాణాప్రతాపసింహ చరిత్ర' కర్త దుర్భాక రాజశేఖర శతావధాని ఆ ఊరివారే. పుట్టపర్తి నారాయణాచార్యుల జీవితంలో కూడా ప్రొద్దుటూరుకు పెద్ద చోటుంది. ఒక చిన్న వ్యాపార పట్టణంలో ఇంతటి పండితులు ఒకే కాలంలో నిలవడాన్ని సాహిత్య చరిత్రకారులు మట్టి మహిమగా చెబుతారు. అందులో పురపాలక సంఘం ఇచ్చిన నెలజీతానికి కూడా వాటా ఉంది.

అదే కాలంలో పులివెందుల తాలూకాలోని పల్లె పిల్లవాడికి ఉన్నత పాఠశాలే దూరం. కళాశాల మరీ దూరం. 1916లో అనంతపురంలో ఏర్పడిన దత్తమండల కళాశాల ఒక్కటే దగ్గరది, అది కడప నుండి నూట యాభై కిలోమీటర్లు. మద్రాసు - రాయచూరు రైలుమార్గం 1871 నాటికే ఎర్రగుంట్ల, ముద్దనూరు, కొండాపురం మీదుగా పోయింది కాని తాలూకా కేంద్రాలు మూడింటిలో ఏ ఒక్కటీ దాని మీద లేదు. ప్రొద్దుటూరుకూ జమ్మలమడుగుకూ నంద్యాల - ఎర్రగుంట్ల మార్గం మీద ప్రయాణికుల రైలు 2016లో వచ్చింది. పులివెందులకు నేటికీ లేదు.

పులివెందుల ప్రాంతంలోని పైడిపాలెంలో 1922లో పుట్టిన రాచమల్లు రామచంద్రారెడ్డి ఇంజనీరింగు చదవడానికి మద్రాసు గిండీ దాకా వెళ్ళవలసివచ్చింది. అక్కడ సమ్మెలో పాల్గొన్నందుకు ఆ చదువు మధ్యలో ఆగింది. తెలుగు విమర్శకు రారా దక్కడం వేరే కథ. ఆ రోజులలో పైడిపాలెం నుండి గిండీకి పోగలిగిన ఇల్లు ఎటువంటిదో ఊహించడం కష్టం కాదు.

1926లో ఆంధ్ర విశ్వవిద్యాలయం ఏర్పడినప్పుడు దాని కేంద్రం ఎక్కడ అనే వివాదం వచ్చింది. విశాఖపట్నం కంటె మద్రాసే దగ్గరని దత్తమండలాలు 1929 నాటికి మద్రాసు విశ్వవిద్యాలయ పరిధికి తిరిగి వెళ్ళాయి. 1937 నవంబర్ 16 నాటి శ్రీబాగ్ ఒడంబడికలో అనంతపురంలో విశ్వవిద్యాలయ కేంద్రం అన్న అంశం చేరడానికి మూలం ఇదే. ఆ ఒడంబడికను సాధారణంగా నదీజలాలకూ రాజధానికీ సంబంధించినదిగానే చర్చిస్తాం. విద్యకు సంబంధించిన నిబంధనే అందులో మొదటి వరుసలో ఉన్నదని మరచిపోతాం. కడపలో ప్రభుత్వ కళాశాల 1948లో, తిరుపతిలో శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయం 1954లో వచ్చాయి.

మూడు నేలలు, మూడు గైర్హాజరీలు

బడి దగ్గరైన తరువాత కూడా పిల్లలు మానడానికి కారణం పని. ఇక్కడే మూడు తాలూకాల తేడా స్పష్టమవుతుంది. పులివెందుల ఎర్రనేలలలో వానాకాలపు వేరుశనగ ప్రధానం. చెట్టు పెరకడం, కాయలు వలవడం అక్టోబర్, నవంబర్ నెలల పని. జమ్మలమడుగు నల్లరేగడిలో జొన్న, పత్తి, తరువాతి కాలంలో బుడ్డశనగ. విత్తనమే సెప్టెంబర్, అక్టోబర్ తరువాత పడుతుంది, పత్తి తీత, శనగ కోత ఏడాది చివరి నుండి ఫిబ్రవరి దాకా సాగుతాయి. అంటే ఒకచోట పిల్లలు అర్ధసంవత్సర పరీక్షల ముందు పాఠాలు పోగొట్టుకుంటారు, మరొకచోట పబ్లిక్ పరీక్షల ముందు. ప్రొద్దుటూరు పరిసరాల నేతగాళ్ళ ఇళ్ళలో కాలంతో పని లేదు. కండెలు చుట్టడం, ఆసు పోయడం ఏడాది పొడుగునా ఉంటాయి. అక్కడి పిల్లవాడు బడి మానడు, బడికి అలసి వస్తాడు. హాజరుపట్టీలో వాడు ఉన్నట్టే.

రాష్ట్రమంతటికీ ఒకే విద్యాసంవత్సర పట్టిక ఉంది. జూన్‌లో తెరిచి ఏప్రిల్‌లో మూసే ఆ పట్టికలో పెద్ద సెలవులు దసరాకు, సంక్రాంతికి. కోస్తా వరికోతకు సంక్రాంతి సెలవులు బాగానే కుదురుతాయి. వేరుశనగకు దసరా కొంత ముందు, శనగకు సంక్రాంతి కొంత ముందు.

దూరమూ పనీ కలిసినప్పుడు మొదట ఆగిపోయేది ఆడపిల్ల. 2011 జనగణన ప్రకారం కడప జిల్లా అక్షరాస్యత దాదాపు 67 శాతం, అప్పటి ఉమ్మడి రాష్ట్ర సగటుతో సమానం. ఆ సమానత్వం పైపైదే. పురుషులలో దాదాపు 78 శాతం, రాష్ట్రంకంటె సుమారు మూడు పాయింట్లు ఎక్కువ. స్త్రీలలో దాదాపు 57 శాతం, రాష్ట్రంకంటె రెండు పాయింట్లకు పైగా తక్కువ. రాష్ట్రంలో స్త్రీపురుషుల మధ్య అంతరం సుమారు 16 పాయింట్లయితే ఇక్కడ 21. పొరుగూరి ఉన్నత పాఠశాలకు కొడుకును పంపి కూతురిని ఆపిన ఇళ్ళు ఈ ఐదు పాయింట్ల వెనుక ఉన్నాయి. ఫాక్షన్ గొడవలున్న ఊళ్ళలో పొద్దుగూకిన తరువాత దారి భయం కూడా తోడైంది. స్తోమత ఉన్నవారు పిల్లల్ని పట్టణాలకు పంపివేయగా, ఊరి బడి లేనివారి బడిగా మిగిలింది.

దగ్గరకు వచ్చిన విద్యాలయాలు

1972లో రాయలసీమ బాలుర కోసం కొడిగెనహళ్ళి గురుకుల పాఠశాల, తరువాత సాంఘిక సంక్షేమ వసతిగృహాలు, గురుకులాలు పాత వారాల పద్ధతికి ప్రభుత్వం ఇచ్చిన జవాబు. ఈసారి అన్నం పెట్టేది కులం చూసి తలుపు మూసే అరుగు కాదు. ఆ మార్పును చిన్నదిగా చూడరాదు. అయితే గురుకులంలో ప్రవేశం పరీక్ష ద్వారా జరుగుతుంది కనుక, తరగతిలో మెరుగైన పిల్లలు వెళ్ళిపోయాక ఊరి బడి ఫలితాలు తగ్గడం సహజం. ఆ తగ్గుదలను ఉపాధ్యాయుల లోపంగా లెక్కవేయడం న్యాయం కాదు.

2006 తరువాత చిత్రం ఒక్కసారిగా మారింది. ఆ ఏడాది కడపలో యోగివేమన విశ్వవిద్యాలయం, పులివెందులలో జె.ఎన్.టి.యు. ఇంజనీరింగ్ కళాశాల వచ్చాయి. 2008లో ప్రొద్దుటూరులో పశువైద్య కళాశాల, వేంపల్లె మండలం ఇడుపులపాయలో రాజీవ్ గాంధీ వైజ్ఞానిక సాంకేతిక విశ్వవిద్యాలయం ఏర్పడ్డాయి. మూడు తరాల కింద గిండీకి పోవలసిన చదువు ఊరి పొలిమేరకు వచ్చింది. దీని వెనుక ఉన్న రాజకీయ ప్రాబల్యాన్ని ఎవరు ఎలా విలువకట్టినా, ఫలితం కళ్ళముందుంది.

అయినా ఇడుపులపాయ ఉదాహరణ ఆలోచింపజేస్తుంది. అక్కడ ప్రవేశం పదవ తరగతి ప్రతిభ ఆధారంగా జరుగుతుంది. ప్రభుత్వ బడులలో చదివినవారికి కొంత అదనంగా కలిపే నిబంధన ఉంది. రాష్ట్రం నలుమూలలనుండి వచ్చినవారితో పోటీ పడవలసిన చోటు కనుక, ప్రహరీగోడ పక్కనున్న పల్లె బడి పిల్లవాడికి అది శ్రీకాకుళం పిల్లవాడికి ఉన్నంత దూరంలోనే ఉంటుంది. కళాశాల దగ్గరకు వచ్చింది. దానికి దారితీసే ఎనిమిది, తొమ్మిది తరగతుల గణితం, ఇంగ్లీషు దగ్గరకు రాలేదు.

మళ్ళీ కిలోమీటరు

విద్యాహక్కు చట్టం 2010 ఏప్రిల్ 1 నుండి అమలులోకి వచ్చాక ప్రాథమిక పాఠశాల ఒక కిలోమీటరులో, ప్రాథమికోన్నత పాఠశాల మూడు కిలోమీటర్లలో ఉండాలని నియమాలు చెప్పాయి. 1825 నివేదికలోని పది మైళ్ళు, నూరు మైళ్ళతో పోలిస్తే ఇది పెద్ద ప్రయాణం. 2022 జూన్‌లో వచ్చిన 117వ నెంబరు ఉత్తర్వు మూడు, నాలుగు, ఐదు తరగతులను ఒక కిలోమీటరు లోపలి ఉన్నత పాఠశాలలలో కలిపింది. సబ్జెక్టు ఉపాధ్యాయులు దొరుకుతారన్నది దాని వాదన. ఏకోపాధ్యాయ పాఠశాలలో ఐదు తరగతుల పిల్లలు ఒకే గదిలో కూర్చోవడం చూసినవారెవరూ ఆ వాదనను తేలికగా కొట్టివేయలేరు. కాని ఎనిమిదేళ్ళ పిల్లకు రోడ్డు దాటే కిలోమీటరు, పటం మీద గీసిన కిలోమీటరు ఒకటి కావు. 2025లో ప్రభుత్వం ఆ ఉత్తర్వు స్థానంలో మరొక వర్గీకరణను తెచ్చింది. మూడేళ్ళలో ఒకే పిల్లవాడు రెండు సార్లు బడి మారిన ఊళ్ళున్నాయి.

జమ్మలమడుగు పక్క మరో రకమైన మార్పు. 2020లో గండికోట జలాశయంలో నీటిమట్టం పెంచినప్పుడు కొండాపురం మండలం తాళ్ళప్రొద్దుటూరు వాసులు ఊరు విడిచిపోయారు. కోవిడ్ వల్ల బడులు మూతపడిన ఏడాదే అది. ఆ ఊరి పిల్లలు ఎందరు ఏ బడిలో చేరారో ఉత్తీర్ణతా శాతాలు చెప్పవు.

చెప్పగలిగినవి ప్రవేశపు రిజిస్టర్లు. ప్రతి పాత బడిలోనూ పిల్లవాడి పేరు, తండ్రి పేరు, కులం, చేరిన తేదీ, మానిన తేదీ, మానిన కారణం గళ్ళుగా రాసిన పుస్తకాలుంటాయి. తాలూకా బోర్డు నాటివి కూడా కొన్నిచోట్ల బీరువాలలో చెదలకు మిగిలి ఉన్నాయి. బడులు కలిసినప్పుడు, ఊళ్ళు మునిగినప్పుడు ఈ రిజిస్టర్లు ఎక్కడికి పోతాయన్నదానికి ఏ ఉత్తర్వులోనూ సమాధానం కనిపించదు. ఈ మూడు తాలూకాల మీద పరిశోధన చేయదలచినవారు పరీక్షల బోర్డు అంకెలకంటె ముందు వాటి దగ్గరకు వెళ్ళవలసి ఉంది. మానిన కారణం అన్న గడిలో ఏమి రాశారో, ఎన్ని చోట్ల ఏమీ రాయకుండా వదిలేశారో అక్కడే తేలుతుంది.